కణమును కొలిచిన తెలుగువాడు: యల్లాప్రగడ సుబ్బారావు

గర్భవతికి వైద్యుడు వ్రాసి యిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రను ఎరుగని ఇల్లు నేడు తెలుగునాట అరుదు. బోదకాలు నివారణకై ఆరోగ్యశాఖవారు ఇంటింటికి తిరిగి పంచిన మాత్రను గోదావరి మండలములలో పిల్లలు సైతము ఎరుగుదురు. క్యాన్సర్ ఆసుపత్రులలో సెలైను సీసా క్రింద పరుండిన రోగుల నరములలోనికి బొట్టుబొట్టుగా దిగు మందులలో కొన్నింటి పుట్టుపూర్వోత్తరములు వెదకినచో, అవియు ఆ మొదటి మాత్ర కడకే మనలను తీసికొనిపోవును. ఈ మూడింటి వెనుక నిలిచిన మనుష్యుడు ఒక్కడే. ఆయన మన భీమవరమున పుట్టినవాడు. మందు ఇంటింటికి చేరినది. మందు వెనుకనున్న పేరు మాత్రము అంత దూరము చేరలేదు.

హైదరాబాదులో జూబిలీహిల్సు చెంతనున్న రహమత్ నగర్ వంటి పేటలో డెబ్బది యేండ్లు దాటిన ఒక పెద్దాయనకు అన్నము సహింపక, ఒడలు శుష్కించి, పరీక్షింపగా జీర్ణాశయమున క్యాన్సర్ అని తేలినదనుకొందము. ఆ కుటుంబము వైద్యుని మొదట అడుగునది ఇంకను ఎన్నాళ్లు బ్రతుకునని. రెండవది, ఈ వయస్సున మందులను తట్టుకొనగలడా యని. ఈ రెండు ప్రశ్నలకు నేటి వైద్యశాస్త్రము సమాధానము వెదకుచున్న తీరునకును, నూరేండ్లకు ముందు సముద్రము దాటిపోయిన ఆ తెలుగు వైద్యుని జీవితమునకును దగ్గర చుట్టరికము కలదు. ఆ చుట్టరికము తెలియవలెనన్న ఆయన కథను మొదటినుండి చెప్పుకొనవలెను.

బాల్యము

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాల్గవవాడు. పెద్ద సంసారము, చిన్న జీతము. ఇంటిని లేమి ఎన్నడును విడువలేదు.

మహనీయుల బాల్యమున అసాధారణ ప్రతిభను వెదకుట జీవితచరిత్రకారులకు అలవాటు. సుబ్బారావు విషయమున ఆ వెదకులాట ఫలింపదు. ఆయనకు చదువుపై మొదట మనస్సు నిలువలేదు. పదమూడవ యేట ఇల్లు విడిచి, కాశీ చేరి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెను. పెద్దలు దారిలోనే పట్టి వెనుకకు తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. ఆ చదువుకై తల్లి తన నగలను అమ్ముకొనెనని చెప్పుదురు. అక్షరము అంతగా రాని ఆ తల్లుల పట్టుదలయే ఆ తరమువారిలో ఎందరినో నిలబెట్టినది.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో ఆయన మనస్సు రామకృష్ణ మిషను వైపు మరలెను. సన్న్యసింపవలెనని తలచెను. తల్లి అనుమతి యీయలేదు. మిషనులోని పెద్దలు, సన్న్యాసమే కోరదగినది కాదనియు, వైద్యము నేర్చి జనులకు సేవ చేయుటయు ఆ మార్గమే యనియు బోధించిరి. సుబ్బారావు మదరాసు వైద్యకళాశాలలో చేరెను. ఐహికముపై ఆనాడు కలిగిన వైముఖ్యము మాత్రము ఆయనను కడవరకు విడువలేదు.

ఖద్దరు అంగీ

వైద్యకళాశాల చదువు మిత్రుల సాయముతోను, మామగారి సాయముతోను సాగెను. 1919లో శేషగిరితో ఆయనకు వివాహము జరిగెను. అది దేశమంతట గాంధీమహాత్ముని పిలుపు మారుమ్రోగుచున్న కాలము. విదేశవస్త్రమును విడువుడని మహాత్ముడు చెప్పగా, సుబ్బారావు శస్త్రచికిత్సాగారమునకు ఖద్దరు అంగీ ధరించి వెళ్లెను. శస్త్రచికిత్సా శాస్త్రాచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినను సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే దక్కినది. ఆ పత్రముతో మదరాసు వైద్యశాఖలో ప్రవేశింప యత్నించి విఫలుడయ్యెను.

ప్రభుత్వ వైద్యము తలుపు మూసినచో ఆయుర్వేదము తలుపు తెరచినది. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు మదరాసున నడుపుచుండిన ఆయుర్వేద కళాశాలలో ఆయనకు శరీరశాస్త్రము బోధించు పని దొరికెను. అచ్చట ఆయన ప్రాచీన వైద్యమును తక్కువగా చూడలేదు. అందులో పనికివచ్చు ద్రవ్యము ఏది, అది ఒడలిలో చేయు పని ఎట్టిదని తర్కించెను. ఈ తర్కమే ముందుముందు ఆయన జీవితమునకు తెరువైనది.

ఎనిమిది దినములలో ఇద్దరు

ఆ యేండ్లలోనే సుబ్బారావు ఇంట పిడుగు పడినది. అన్న పురుషోత్తము సంగ్రహణి వ్యాధితో మరణించెను. ఎనిమిది దినములు తిరుగకమునుపే మరియొక సోదరుడు కృష్ణమూర్తియు అదే వ్యాధితో పోయెను. ఆంగ్ల వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అని పిలుచు ఈ వ్యాధిలో పేగులు ఆహారసారమును గ్రహింపలేవు. తిన్నది ఒంటికి పట్టదు. రక్తము పలుచనై, మనిషి దినదినము క్షీణించును. సుబ్బారావును సైతము ఆ రోగము పట్టినది. లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన బయటపడెను.

వైద్యము చదివినవాడై యుండియు తోడబుట్టినవారిని దక్కించుకొనలేకపోయెను. వారిని చంపినదేమో ఆనాడు ఏ వైద్యునకును తెలియదు. తాను బ్రతికినది ఏ ద్రవ్యముచేతనో అదియు తెలియదు. ఆ రెండింటిని తెలిసికొనవలెనన్న తపన ఆయనలో రగిలినది. ఉష్ణమండల వ్యాధులను బోధించు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోవ నిశ్చయించెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారును, మామగారును ప్రయాణమునకు ధనసాయము చేసిరి. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టను నగరము చేరెను. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యకు చెప్పిపోయెననియు చెప్పుదురు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన మగశిశువు ఏడాది నిండకమునుపే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. భార్య మరల భర్తను చూడలేదు.

భాస్వరపు కొలత

బోస్టనున చేరిననాటికి ఆయన చేతిలో ధనము లేదు. అక్కడ వైద్యము చేయుటకు ఆయన పట్టము చాలదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు పని చేయుచు, పగలు చదువుకొనెను. ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొంది, తరువాత హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయన శాఖలో చేరెను. అచ్చట సైరస్ ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేసెను.

వారి మొదటి పని చూపునకు చిన్నది. రక్తమున, మూత్రమున భాస్వరము ఎంత యున్నదో కొలుచు పద్ధతి. ఒక రసాయనము కలిపినచో ద్రావకము నీలివర్ణము తాల్చును. నీలము ఎంత చిక్కనైనచో భాస్వరము అంత యున్నట్లు. 1925లో వారు ప్రకటించిన ఈ ఫిస్కె-సుబ్బారావు పద్ధతి దశాబ్దములపాటు ప్రపంచపు ప్రయోగశాలలలో నిత్యకృత్యమైనది. వైద్యవిద్యార్థులు ఆ పేరును బట్టీపట్టిరి. ఆ రెండవ పేరుగలవాడు భీమవరమువాడని తెలుగు విద్యార్థులలో ఎందరు ఎరుగుదురో!

కొలువ నేర్చినవానికి కనబడనిది కనబడును. ఆ పద్ధతితో కండరములను పరీక్షింపగా, అదివరకు ఎవరును గుర్తింపని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము 1927లో వారికి దొరికెను. కండరము పనిచేయునపుడు అది తరుగును. విశ్రాంతి వేళ మరల చేరును. 1922లో హిల్, మయర్‌హాఫ్ అను పండితులకు నోబెల్ బహుమానము తెచ్చిన కండరశక్తి సిద్ధాంతమును దీనివలన తిరిగి వ్రాసికొనవలసివచ్చినది. 1929లో ఫిస్కె, సుబ్బారావులు ఏ.టి.పి. అను మరియొక పదార్థమును వేరుపరచిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోహ్మన్ కూడ దానిని కనుగొనెను. ప్రాణికోటిలోని ప్రతి కణమును చెల్లుబడి చేయు శక్తినాణెము అదియే. 1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. పట్టము నిచ్చినది.

పట్టము నిచ్చిన విశ్వవిద్యాలయము స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. తన కృషిని తానే చాటుకొను స్వభావము సుబ్బారావునకు లేదు. ఏ.టి.పి. పేరు చెప్పగానే సుబ్బారావు జ్ఞప్తికి రాకపోవుటకు ఇదియు ఒక కారణము.

పాలకూరనుండి ప్రాణదానము

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరెను. కొలది కాలమునకే అక్కడి పరిశోధనలన్నింటికి అధిపతి యయ్యెను. తమ్ముల, అన్నల మరణమునాటి ప్రశ్నకు సమాధానము వెదకు అవకాశము అప్పటికి దొరికినది.

ఆ సమాధానపు మొదటి జాడ మన దేశముననే కనబడియుండెను. ఇంగ్లాండునుండి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు 1928 మొదలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించెను. ఈస్టు సారము తినిపింపగా ఆ స్త్రీలు కోలుకొనిరి. అందులోని ద్రవ్యమేదో ఆనాడు తెలియలేదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను ఉడికించి, వడకట్టి, అందుండి కొలదిపాటి పదార్థమును తీసి, ఆకునకు లాటిను పేరైన ఫోలియమ్ నుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని శుద్ధరూపమున పట్టి, దాని నిర్మాణమును తేల్చి, 1945 నాటికి ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసిరి. టన్నుల ఆకు అక్కరలేకయే మాత్ర అందరికి అందుబాటులోనికి వచ్చినది.

ఆ మాత్రను టామ్ స్పీస్ అను వైద్యుడు సంగ్రహణి రోగులకు ఇచ్చి చూచెను. ఎముకలకు తోలంటుకొనియున్నవారు కొలది దినములలో ఆకలి గొని లేచిరి. భీమవరపు ఇంట ఇద్దరిని ఎనిమిది దినములలో హరించిన వ్యాధికి మందు దొరికినది. దొరకునప్పటికి ఆ ఇద్దరు పోయి పాతికేండ్లయినది.

ఆ యేండ్లలోనే ఆయన సంస్థనుండి బోదకాలు వ్యాధిపై హెట్రజాన్ వెలువడినది. బెంజమిన్ డుగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను క్రిమిసంహారకమును కనుగొనెను. డుగ్గరును ఆ పనికి ప్రోత్సహించినది సుబ్బారావే. ఈ రెండును కోట్లమందికి మేలు చేసినవి. అయినను ఈ వ్యాసమునకు ప్రధానమైనది ఫోలిక్ ఆమ్లపు కథ. దానికి రెండవ సగము కలదు.

పోషణయే ఆయుధము

కణము రెండుగా చీలుటకు ముందు తనలోని డి.ఎన్.ఏ.కు ప్రతి వ్రాసికొనవలెను. ఆ ప్రతికి కావలసిన నాలుగు అక్షరములలో థైమిన్ ఒకటి. దానిని కూర్చుటకు ఫోలిక్ ఆమ్లము సాయపడవలెను. అది లేనిచో వేగముగా చీలు కణములు మొదట దెబ్బతినును. రక్తము పుట్టు మూలుగ, పేగుల లోపలి పొర అట్టివి. అందుచేతనే ఫోలిక్ లోపమున రక్తహీనతయు, అజీర్తియు కనబడును.

క్యాన్సర్ కణమును వేగముగా చీలునదే. మరి దానికి ఫోలిక్ ఆమ్లము అందకుండ చేసినచో? బోస్టను బాలల ఆసుపత్రిలో వ్యాధినిదాన శాస్త్రజ్ఞుడుగా నుండిన సిడ్నీ ఫార్బర్‌ను ఈ ఆలోచన వేధించినది. ఆనాడు లుకేమియా అను రక్తపు క్యాన్సర్ సోకిన పిల్లలు కొన్ని వారములలో, నెలలలో మరణించుట నిశ్చయము. ఫోలిక్ సంబంధమైన పదార్థములు ఇచ్చినపుడు వారి వ్యాధి మరింత చెలరేగినట్లు ఫార్బర్‌కు తోచెను. కావున దీనికి విరోధియైనది కావలెనని సుబ్బారావును అడిగెను. లెడర్లీ రసాయనికులు ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పని చేయని పదార్థములను ఒకదాని వెంట ఒకటి తయారుచేసి పంపిరి. తాళములో దూరును గాని తిరుగని తాళపుచెవి వంటివి అవి. అందులో అమినాప్టెరిన్ అనునది పదునైనది. 1947 డిసెంబరున దానిని మొదటిసారి రోగికి ఇచ్చిరి.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితములను ప్రకటించెను. పదునారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి తగ్గినది. ఆ తగ్గుదల కొలది నెలలది. ఆ పిల్లలలో ఎవరును పూర్తిగా స్వస్థులు కాలేదు. అయినను రసాయనముతో క్యాన్సర్‌ను వెనుకకు తరుమవచ్చునని లోకమునకు ఆనాడు తెలిసినది. అమినాప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ తరువాతి కాలమున దాని స్థానమును ఆక్రమించి, నేటికిని వాడుకలో నున్నది. 1956లో రాయ్ హెర్ట్జ్, మిన్ చ్యూ లీ అను వైద్యులు దానితో గర్భసంచి సంబంధమైన ఒక విధపు క్యాన్సర్‌ను నిర్మూలింపగలిగిరి. కణితి రూపమున నున్న క్యాన్సర్ కేవలము మందుచే నయమగుట లోకము ఎరుగుట అదియే మొదలు.

దీపము ఆరిన రాత్రి

ఈ విజయములలో దేనికిని సుబ్బారావు ముందునకు వచ్చి నిలబడలేదు. పత్రికలవారికి దూరముగా నుండెను. ప్రకటనలలో సహచరుల పేర్లనే నిలిపెను. ఆయనకు పట్టినది పని. అమెరికా పౌరసత్వము లేకయే అచ్చట ఇరువదియారేండ్లు గడిపెను. ఇంటికి ధనము పంపుచుండెను; తానుమాత్రము రాలేదు.

భారతదేశము స్వతంత్రమై ఏడాది కావచ్చుచుండెను. ఫార్బర్ వ్యాసము వెలువడి రెండు నెలలు దాటినది. 1948 ఆగస్టు 8 రాత్రి నిద్రించిన సుబ్బారావు మరునాడు లేవలేదు. ఆయన వయస్సు యాబదిమూడు సంవత్సరములు. నోబెల్ బహుమానము ఆయనకు రాలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అను పేరిడిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన ముఖచిత్రముతో బిళ్ల విడుదల చేసినది.

జీర్ణాశయమున ఆయన జాడ

మొదట అనుకొన్న పెద్దాయన వ్యాధికి ఇప్పుడు వత్తము. 1957లో ఛార్లెస్ హైడెల్‌బర్గర్ ఫ్లూరోయురాసిల్ అను మందును ప్రకటించెను. అది సుబ్బారావు చేసినది కాదు. అయినను అది పనిచేయు చోటు ఆయన తలుపు తట్టిన చోటే. థైమిన్ అక్షరమును కూర్చు ఎంజైమును అది పట్టి బంధించును. ఆ బంధము గట్టిగా నుండుటకు ఫోలిక్ వంశముననే పుట్టిన ల్యూకోవోరిన్‌ను జతచేయుదురు. ఒకప్పుడు క్యాన్సర్‌ను కృశింపజేయుటకై ఫోలిక్‌ను అడ్డగించిరి. ఇప్పుడు మందునకు బలము చేకూర్చుటకై అదే వంశపు పదార్థమును ఇచ్చుచున్నారు. జీర్ణాశయపు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స ముందును తరువాతను ఇచ్చు ఫ్లాట్ అను మందుల కూర్పు 2019లో ప్రకటితమైన పరిశోధనతో స్థిరపడినది. అందులోని నాలుగు మందులలో ఈ రెండును కలవు.

కాని ఈ మందులకు కణము క్యాన్సర్‌దా, పేగుపొరదా యను వివేచన చాలదు. అందుచేత నోటిపూత, విరేచనములు, రక్తము తగ్గుట కలుగును. ముప్పదేండ్లవాడు ఓర్చునది డెబ్బదియైదేండ్లవాడు ఓర్వలేడు. ఎవరికి ఎంత యీయవలెను? ఎవరికి ఈయకున్నను సరిపోవును? ఈ ప్రశ్నకు వయస్సు ఒక్కటే సమాధానము కాదు. అందుకే నేడు కణితిలోని జన్యువులనే పరీక్షించుచున్నారు.

2014లో అమెరికాలో 295 జీర్ణాశయపు కణితులను పరిశోధించి, జన్యులక్షణములనుబట్టి వాటిని నాలుగు తెగలుగా విభజించిరి. వానిలో ఒక తెగ వృద్ధులయందు విశేషముగా కనబడును. ఆ తెగవారి మధ్యస్థ వయస్సు 72 సంవత్సరములు. అచ్చు కార్యాలయమున ప్రూఫులు దిద్దువాడు మానినచో అచ్చుతప్పులు పెరుగునట్లు, ఈ కణితులలో డి.ఎన్.ఏ. ప్రతిలో పడిన తప్పులను దిద్దు జన్యువు నిద్రపోయియుండును. ఎం.ఎస్.ఐ. అని వైద్యులు దీనిని పిలుతురు. తప్పులు పెరుగుట కీడని తోచును. చిత్రమేమనగా, శరీర రక్షకదళము ఆ తప్పులను గుర్తుపట్టి కణితిపై తిరుగబడును. కావున ఈ తెగవారి భవిష్యత్తు సాధారణముగా మెరుగు.

2019లో శస్త్రచికిత్స జరిగిన 1,556 మంది రోగుల వివరములను ఒకచోట చేర్చి చూచిరి. ఈ గుర్తు కలవారిలో ఐదేండ్లు జీవించినవారు నూటికి 77.5, లేనివారిలో 59.3. పైగా ఈ గుర్తు కలవారిలో శస్త్రచికిత్సకు ఈ రసాయన ఔషధములను చేర్చుటవలన అదనపు మేలు స్పష్టముగా కానరాలేదు. ఆ గుర్తు కలవారు 121 మందియే కావున తొందరపడి నిర్ణయింపరాదు. అయినను ముసలి శరీరమును వృథాగా బాధింపకుండుటకు ఇది దారి చూపుచున్నది. అట్టివారి వ్యాధి ముదిరినపుడు రక్షకదళమును ప్రేరేపించు మందులు మేలుచేయుచున్నవి.

రెండవ గుర్తు హెర్-2. కొందరి కణితులలో ఈ జన్యువు మితిమీరి పనిచేయును. 2010లో ప్రకటించిన పరిశోధనలో, వ్యాధి ముదిరిన అట్టి రోగులకు రసాయన ఔషధములతోపాటు ట్రాస్టుజుమాబ్‌ను ఇయ్యగా మధ్యస్థ ఆయుర్దాయము 11.1 నెలలనుండి 13.8 నెలలకు పెరిగినది. ఆ గుర్తు లేనివారికి ఆ మందు ఖర్చేగాని మేలు లేదు.

జన్యుపరీక్ష ఒక్కటే నిర్ణయము కాదు. వ్యాధి ఎంత వ్యాపించినది, శరీరము ఎంత బలహీనము, ఇంట చూచుకొనువారు కలరా యనునవి కూడ తూచవలెను. బ్రిటనులో 514 మంది వృద్ధులు, బలహీనులపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, మందును పూర్తి మోతాదులో నూటికి అరువది పాళ్లే యిచ్చినను వ్యాధి నియంత్రణ తగ్గలేదు. బాధలు మాత్రము తగ్గినవి. తక్కువ యిచ్చుట నిర్లక్ష్యము కాదనియు, కొలిచి యిచ్చినచో అదియే వైద్యమనియు దీనివలన తేలినది.

కొలత నేర్పిన పాఠము

రహమత్ నగర్‌కు అనతిదూరమున, బంజారాహిల్సులో, నందమూరి తారకరామారావుగారి సతీమణి బసవతారకముగారి స్మారకముగా వెలసిన క్యాన్సర్ ఆసుపత్రి 2000లో ప్రారంభమైనది. ఆమెయు క్యాన్సర్ వ్యాధితోనే మరణించినది. దానికంటె ముందే, నగరముననే, రెడ్‌హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ సంస్థ నెలకొన్నది. పేదలు, ధనికులు అను భేదము లేక రోగులు ఈ గడపలు తొక్కుచున్నారు. వారిలో వృద్ధులు ఎందరో వ్యాధి ముదిరిన పిమ్మట వచ్చువారే. అన్నము సహింపకుండుటను వయస్సు ధర్మమనుకొని, నెలలు గడిపి, నిలువునా ఎండి వత్తురు. కణితి చిన్నముక్కను తీసి జన్యువులను పరీక్షించుటకు ధనము కావలెను, సమయము కావలెను. అన్నింటికంటె ముందు, ఇది అవసరమని కుటుంబమునకు తెలియవలెను.

సుబ్బారావు జీవితము ఈ తెలివికి పీఠిక వంటిది. ఆయన మొదటి విజయము మందు కాదు, కొలత. ఒక బొట్టు రక్తమున భాస్వరమును నీలివర్ణముతో కొలిచిన చేయి, తరువాత కండరపు శక్తిని కొలిచినది, ఫోలిక్ ఆమ్లమును పట్టినది, పసిపిల్లల క్యాన్సర్‌పైకి దాని విరోధిని పంపినది. నేడు ప్రయోగశాలలో కణితి తునకను చేతబట్టి, ఇందులో ప్రూఫులు దిద్దు జన్యువు నిద్రించుచున్నదా, హెర్-2 చెలరేగినదా యని చూచువాడు ఆ చేతికే వారసుడు. చూచి, ఈ వృద్ధునకు ఈ మందు వలదు, ఆ వృద్ధునకు ఇది కావలెనని చెప్పగలుగుట ఒక్క రోగికి ఒక్క ప్రాణముతో సమానము.

మదరాసులో ఖద్దరు అంగీ తొడిగినందులకు పట్టము తగ్గింపబడినవాడు, బోస్టనులో మలమూత్రపాత్రలు కడిగినవాడు, పేరు కోరక పని కోరినవాడు ఆయన. తోబుట్టువులను కాపాడలేకపోయిన దుఃఖమును ఆయన పరుల తోబుట్టువులను కాపాడు విద్యగా మార్చుకొనెను. ఆ విద్య నేడు మన ఊరి ఆసుపత్రి గదులలోనున్నది. దానిని పేదవాని కణితి సైతము పరీక్షింపబడు తావునకు కొనిపోవుట ఆయన స్వజనులమైన మన పని.